అడగకుండా ఎగరొద్దు

2025 జనవరి 18, శనివారం. ఉత్తర గోవాలోని పెర్నెం తాలూకా, కేరి గ్రామం. అరేబియా సముద్రాన్ని ఆనుకుని ఉన్న మిట్ట అంచు నుంచి సాయంత్రం వేళ ఒక పారాగ్లైడర్ గాల్లోకి లేచింది. పుణె నుంచి విహారానికి వచ్చిన 27 ఏళ్ల యువతి, ఆమెను ఎగరేస్తున్న 26 ఏళ్ల నేపాలీ పైలట్ అందులో ఉన్నారు. లేచిన కాసేపటికే అది లోయలో కూలింది. ఇద్దరూ చనిపోయారు. ఆ వ్యాపారానికి అనుమతి లేదని, తగిన రక్షణ సామగ్రి లేకుండానే పర్యాటకులను ఎగరనిచ్చారని పోలీసులు ప్రకటించారు. భారతీయ న్యాయ సంహిత కింద నరహత్య అభియోగంతో నిర్వాహకుడి మీద కేసు పెట్టారు. నేరం తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ ఒక ప్రశ్న అడగడానికి తీర్పు దాకా ఆగనక్కర్లేదు. అనుమతి లేదన్న సంగతి రెండు ప్రాణాలు పోయాక గానీ ఎందుకు బయటపడింది?

అదే వారాంతంలో హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల దగ్గర ఇంద్రునాగ్‌లో, అహ్మదాబాద్ నుంచి వచ్చిన 19 ఏళ్ల అమ్మాయి పారాగ్లైడర్ పైకి లేచే దశలోనే పడిపోయి చనిపోయింది. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరి 11న కులు జిల్లా డోభీలో పైనుంచి జారిపడి చనిపోయిన 26 ఏళ్ల యువతి మన తెలంగాణ బిడ్డ, సంగారెడ్డి జిల్లాకు చెందిన అమ్మాయి. ఈ ముగ్గురు యువతులూ చలికాలపు విహారంలోనే పోయారు. ముగ్గురివీ ముప్పై ఏళ్లు నిండని ప్రాణాలు.

మళ్లీ చలికాలం వచ్చింది. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి యువతీయువకులు జట్లు జట్లుగా గోవాకు, కేరళ తీరానికి బయల్దేరతారు. వారి పట్టికలో పారాగ్లైడింగ్ తప్పక ఉంటుంది. అందుకే ఈ హెచ్చరిక. పారాగ్లైడింగ్ మానేయమని మేము అనడం లేదు. శిక్షణ ఉన్న పైలట్, బాగున్న సామగ్రి, అనువైన గాలి ఈ మూడూ కలిసినచోట ఏటా వేలమంది ఎగిరి క్షేమంగా దిగుతున్నారు. మేము చెప్పేది ఒక్కటే. ఆ మూడూ ఉన్నాయో లేదో మీరు కొండ అంచున నిలబడిన ఆ నిమిషంలో చూసేవాళ్లు చాలాచోట్ల ఎవరూ ఉండరు. ప్రభుత్వ మనిషి ఉండడు. పోలీసు ఉండడు. కనుక ఆ పని మీదే. అడగకుండా ఎగరొద్దు.

గాలి లెక్క

పారాగ్లైడర్‌కు ఇంజను ఉండదు. సముద్రం మీద పడవ లాగితే తాడు చివర పైకి లేచే పారాసెయిలింగ్ వేరు, వీపున మోటారు కట్టుకుని ఎగిరే పారామోటార్ వేరు. పారాగ్లైడర్‌ది ఉత్త గుడ్డ రెక్క. పలుచని నైలాన్ బట్టతో గదులు గదులుగా కుట్టిన ఆ రెక్కలోకి ముందు నుంచి గాలి దూరితేనే అది నిగుడుతుంది, ఆకారం నిలుస్తుంది. గాలి తప్పితే ఒక పక్క ముడుచుకుపోతుంది. దానిని మోసే ఎముకలూ లేవు, కమ్మీలూ లేవు. ఉన్నవల్లా సన్నని తాళ్లు మాత్రమే.

తీర కొండల మీద ఈ ఆట ఎందుకు సాగుతుందో తెలిస్తే, ఎందుకు చెడుతుందో కూడా తెలుస్తుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పడమటి తీరంలో ఆ గాలి నేరుగా కొండకు ఎదురుగా వచ్చి కొడుతుంది. పోవడానికి దారిలేక కొండముఖం వెంట పైకి లేస్తుంది. ఆ లేచే గాలి పట్టీలోనే పారాగ్లైడర్ అటూ ఇటూ తిరుగుతూ తేలుతుంది. కేరి, అరంబోల్ ప్రాంతాల్లో చలికాలం మధ్యాహ్నాలు ఎగరడానికి పేరు తెచ్చుకున్నది ఇందుకే.

అయితే ఈ వరానికి హద్దులు ఇరుకు. ఉదయం పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అంటే కొండ వెనుక నుంచి వస్తుంది. ఆ వేళ అంచు దాటితే కిందికి తోసే గాలే ఎదురవుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎక్కువై ఒక దశలో హద్దు మీరవచ్చు. ఇద్దరిని మోసే పారాగ్లైడర్ మామూలు వేగం గంటకు సుమారు 35 నుంచి 38 కిలోమీటర్లు. ఎదురుగాలి కూడా అంతే వేగంతో వీస్తే రెక్క ఉన్నచోటే నిలబడిపోతుంది. అంతకు మించితే వెనక్కి కొట్టుకుపోతుంది. కొండ అంచుకు వెనుక ఏముంటుంది? అంచును దాటిన గాలి అక్కడ సుడులు తిరుగుతూ కిందికి పడుతుంది. ఆ సుడిలో చిక్కిన రెక్క ముడుచుకుపోవడం కొన్ని క్షణాల పని. అందుకే మంచి పైలట్లు గంటకు 20, 25 కిలోమీటర్ల గాలి దాటితే ప్రయాణికులను ఎక్కించుకోరు. గాలి సగటు తక్కువే ఉన్నా మధ్యమధ్య ఈడ్చి కొడుతుంటే అసలే ఎక్కించుకోరు.

ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపు అయితే దాని తాకిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. కింద బీచ్‌లో కొబ్బరాకులు కాస్త ఊగుతుంటే ‘ఏం గాలి ఉందని’ అనుకునేవాళ్లు కొండ అంచున నిలబడి చూడాలి. కొండ పైకి వచ్చేసరికి గాలి నొక్కుకుపోయి, కింద ఉన్నదానికంటే జోరుగా వీస్తుంది.

2023 మార్చి 7న కేరళలోని వర్కలలో జరిగింది గుర్తుందా? సముద్రానికి ఎదురుగా ఎర్రటి కొండ గోడలా నిలబడిన ఆ పాపనాశం తీరంలో, కోయంబత్తూరు నుంచి వచ్చిన పర్యాటకురాలు, ఆమె పైలట్ ఉన్న పారాగ్లైడర్ అదుపు తప్పి ఒక హైమాస్ట్ దీప స్తంభానికి తగులుకుంది. భూమికి చాలా ఎత్తున వాళ్లిద్దరూ చాలాసేపు వేలాడారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి, స్తంభాన్ని కొంత కిందికి దించి, వలలు పరిచి కాపాడారు. వారికి నూకలున్నాయి. గాలి అటు తోసిన రెక్క స్తంభానికి కాకుండా కరెంటు తీగలకు తగిలి ఉంటే? సముద్రంలో పడి ఉంటే? నిర్వాహక సంస్థ మనుషుల మీద పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. అక్కడ కూడా చర్య వచ్చింది ప్రమాదం తర్వాతే.

బెల్టు మాట

గాలి మన చేతిలో లేదు. బెల్టు మన చేతిలో ఉంది.

డోభీ ప్రమాదం ఈ విషయంలో కళ్లు తెరిపించాలి. అక్కడ స్థలానికి అనుమతి ఉంది, సామగ్రికి ఆమోదం ఉంది, పైలట్ పేరు అధికారుల రిజిస్టర్‌లో ఉంది, వాతావరణం బాగానే ఉంది అని అక్కడి పర్యాటక శాఖ అధికారులే చెప్పారు. మరి ఏమైంది? ప్రయాణికురాలి రక్షణ బెల్టు సరిగా బిగించారో లేదో పైలట్ చూడలేదు. మనిషి తప్పిదమని తేల్చి అతణ్ని అరెస్టు చేశారు. అన్ని కాగితాలూ ఉన్నా, ఒక బకిల్ పడకపోతే అవేవీ ప్రాణాన్ని పట్టుకోలేవు.

హార్నెస్ అనే ఆ కుర్చీలాంటి సంచిని మీకు తొడిగేటప్పుడు ఏం జరుగుతుందో వివరంగా చెబుతాం. తొడలకు రెండు పట్టీలుంటాయి. ఛాతీకి ఒక పట్టీ. కొన్నింటికి నడుము దగ్గర ఇంకొకటి. ప్రతి పట్టీకీ ఒక బకిల్. రెండు పక్కలా హార్నెస్‌ను రెక్క తాళ్లకు కలిపే లోహపు కొక్కేలు రెండు. నిలబడి ఉన్నప్పుడు హార్నెస్ బరువంతా భుజాల మీద వేలాడుతుంది. అందుకే తొడ పట్టీలు పెట్టకపోయినా ఏ తేడా తెలియదు. ఛాతీ బకిల్ ఒక్కటి పడితే అన్నీ పడ్డట్టే అనిపిస్తుంది. పైకి లేచి, కాళ్లు నేల వదిలి, బరువు హార్నెస్‌లోకి దిగినప్పుడే తొడ పట్టీల అసలు పని మొదలవుతుంది. అవి లేకపోతే మనిషి కిందికి జారిపోతాడు. చేతుల బలంతో పట్టుకుని వేలాడటం ఎంతోసేపు సాగదు. ఆ సంగతి తెలిసేసరికి కొండ అంచు వెనుకబడిపోయి ఉంటుంది.

అందుకే మీ చేతులతో మీరే తడిమి చూసుకోండి. ఎడమ తొడ, కుడి తొడ, ఛాతీ, ఎడమ కొక్కెం, కుడి కొక్కెం. బకిల్ పడినప్పుడు టక్కుమన్న చప్పుడు వినాలి. పడ్డాక ఒకసారి లాగి చూడాలి. కొక్కేల మూతలు మూసుకుని, తెరుచుకోకుండా బిగిసి ఉండాలి. ఇదంతా పైలట్‌కు వినపడేలా పైకి అనండి. మంచి పైలట్‌కు కోపం రాదు, సంతోషిస్తాడు. ‘మేం చూశాం లెండి’ అని విసుక్కునే పైలట్‌తో ఎగరకండి. బట్టల మాట కూడా ఇక్కడే చెప్పాలి. చున్నీలు, వదులు కుర్తీలు, మెడలో వేలాడే బ్యాగులు, సెల్ఫీ కర్రలు బకిళ్లలో, తాళ్లలో ఇరుక్కుంటాయి. కాళ్లకు చెప్పులు వద్దు, మడమ కదలకుండా పట్టే బూట్లు కావాలి.

రెక్క వయసు

పారాగ్లైడర్ రెక్కకు ఎండ శత్రువు, ఉప్పు శత్రువు, ఇసుక శత్రువు. తీర కొండల మీద ఈ మూడూ రోజంతా ఉంటాయి. ఎండలోని అతినీల కిరణాలకు నైలాన్ బట్ట మెల్లమెల్లగా పటుత్వం కోల్పోతుంది. దాని పూత పోయి గాలి బట్టలోంచి కారడం మొదలవుతుంది. పైకి చూస్తే రంగు కాస్త వెలిసినట్టే ఉంటుంది. ఉప్పు పొడి తాళ్ల పోగుల్లో చేరి కోస్తుంది. గోవా కొండల మీది లాటరైట్ రాయి గరుకైనది. దిగిన ప్రతిసారీ రెక్కను ఆ రాళ్ల మీదుగా ఈడ్చుకుంటూ పోతే కుట్లు, తాళ్ల పై తొడుగులు చిట్లుతాయి. ఈసారి చూడండి. తాళ్ల మీద ముడులు, వేరే రంగు పోగులు, పీచు లేచిన చోట్లు కనిపిస్తున్నాయా? రెక్క మీద టేపు అతుకులు ఎక్కువగా ఉన్నాయా? ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

రెక్కను, తాళ్లను అంతంత గంటల వాడకానికి ఒకసారి, లేకపోతే ఒకటి రెండేళ్లకోసారి నిపుణులతో పరీక్ష చేయించాలని తయారీదారులు రాసి మరీ ఇస్తారు. బరువుకూ ఒక హద్దు రాసి ఉంటుంది. ఇద్దరు ఎగిరే రెక్కలకు పైలట్, ప్రయాణికుడు, సామగ్రి అంతా కలిపి సాధారణంగా 120 నుంచి 220 కిలోల మధ్య ఉంటుంది, రెక్కను బట్టి మారుతుంది. మీ బరువు అడగకుండా ఎక్కించుకునే చోట ఆ హద్దును ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం.

‘రిజర్వ్ ప్యారాచూట్ ఉంది కదా’ అని ధైర్యం చెబుతారు. అది ఉండాల్సిందే. కానీ తీర కొండ మీద దాన్ని నమ్ముకోవద్దు. అరవై మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయి వదిలితే నేల తాకడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. ముడుచుకున్న రెక్కతో పడేవాళ్లకు ఇంకో క్షణమో రెండు క్షణాలో ఎక్కువ దొరకవచ్చు. ఆ వ్యవధిలో పైలట్ ప్రమాదాన్ని గుర్తించాలి, పిడి లాగాలి, రిజర్వ్ విచ్చుకోవాలి, పడే వేగం తగ్గాలి. హిమాలయాల్లో వేల అడుగుల ఎత్తున ప్రాణం కాపాడే పరికరం ఇక్కడ తెరుచుకునే లోపే కథ ముగియవచ్చు. తక్కువ ఎత్తు కనుక ప్రమాదం తక్కువని ఎవరైనా చెబితే నమ్మకండి.

నీళ్లలో పడితే మెత్తగా ఉంటుందన్న భ్రమ ఇంకొకటి. హార్నెస్ వెనుక దెబ్బ తగలకుండా దళసరి స్పాంజి ఉంటుంది. నీళ్లలో అది తేలుతుంది, మనిషి ముఖం కిందికి పోతుంది. పైనుంచి రెక్క తడిసి కప్పేస్తుంది. తాళ్లు కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. అలలు రెక్కను నింపి లాక్కుపోతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా దీంట్లోంచి బయటపడటం కష్టం. అందుకే నీటి మీదుగా ఎగిరే చోట లైఫ్ జాకెట్, ఒడ్డున సిద్ధంగా పడవ, కాపాడే మనిషి ఉండాలి. లేకపోతే ఎగరకూడదు.

స్నేహితుల బాధ్యత

ఇలాంటి విహారాల్లో నిర్ణయం ఒకరిది కాదు, గుంపుది. నలుగురిలో ముగ్గురు ఎగిరి వచ్చి కేరింతలు కొడుతుంటే, నాలుగో వ్యక్తికి ‘నాకు భయంగా ఉంది’ అనడానికి నోరు రాదు. ‘ఇంత దూరం వచ్చి ఎగరకుండా పోతావా’ అన్న మాట ఆ కొండల మీద తరచూ వినిపించేదే. డబ్బులు ముందే కట్టేశాం అన్న మాట దానికి తోడు. వీడియో తీయడానికి ఫోన్లు అప్పటికే సిద్ధం.

ఇక్కడే తేడా రావాలి. ఫోను పట్టుకున్న స్నేహితుడు ఆ కెమెరాను ముందుగా బకిళ్ల వైపు తిప్పాలి. ఒకరి పట్టీలు ఇంకొకరు చూడటం అలవాటు చేసుకోవాలి. వద్దన్నవాళ్లను బతిమాలొద్దు, వెక్కిరించొద్దు. మెడనొప్పి, వెన్నునొప్పి, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఎగరకూడదు. మద్యం తాగినవాళ్లను గానీ, తాగిన పైలట్‌తో గానీ ఎవరినీ పంపకూడదు. గోవా విహారాల్లో ఈ మాట చెప్పక తప్పదు. రాత్రి పార్టీ, పొద్దున్న నిద్రలేమి, మధ్యాహ్నం పారాగ్లైడింగ్ ఒకే రోజు పెట్టుకోవద్దు.

చీకటి పడేలోగా ఇంకొక్క ఎగురు అన్న తొందర అన్నిటికంటే చెడ్డది. చాలాచోట్ల ఎన్నిసార్లు ఎగరేస్తే అంత రాబడి. క్యూలో పదిమంది ఉంటారు, పొద్దు వాలుతుంటుంది, గాలి మారుతుంటుంది. ఆ వేళ పైలట్ కాస్త ఆగుదాం అంటే అతనికి కృతజ్ఞత చెప్పాలి. డబ్బు వెనక్కి ఇవ్వమని గొడవపడకూడదు. గాలి బాగోలేదని వెనక్కి పంపే నిర్వాహకుడికే మీరు మళ్లీ వెళ్లాలి.

కాగితాల సంగతి

ఎగిరేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఏం జరిగినా మా బాధ్యత లేదు అని అందులో ఉంటుంది. ఆ సంతకంతో వాళ్లు చేతులు కడుక్కోవడం కుదరదు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే క్రిమినల్ చట్టం ఆ కాగితాన్ని చూసి ఊరుకోదు. కానీ కోర్టులో గెలుపు ఇంటికి మనిషిని తేదు కదా. అందుకే సంతకానికి ముందు మీరు వాళ్ల కాగితాలు అడగండి. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం, పైలట్ లైసెన్సు, అతని ఫొటో ఉన్న గుర్తింపు, బీమా. ఇవి చూపించడానికి ఒక్క నిమిషం చాలు. చూపించలేనివాళ్లకు లేవని అనుకోండి. మీ సొంత ప్రమాద బీమా, ప్రయాణ బీమా పాలసీలు కూడా ఒకసారి చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది, విడిగా కలుపుకుంటే తప్ప వర్తించదు.

నియమాలు లేవని ప్రభుత్వాలు తప్పించుకోవడానికి వీల్లేదు. కేంద్ర పౌర విమానయాన శాఖ 2022 జూన్ 7న జాతీయ గగన క్రీడల విధానం విడుదల చేసింది. పారాగ్లైడింగ్, పారామోటారింగ్, హ్యాంగ్ గ్లైడింగ్, బెలూనింగ్, స్కైడైవింగ్ లాంటివన్నీ దాని కిందికి వస్తాయి. భారత గగన క్రీడల సమాఖ్య పైన, ఒక్కో క్రీడకు జాతీయ సంఘం, దాని కింద ప్రాంతీయ, జిల్లా విభాగాలు ఉండాలని చెప్పారు. సామగ్రి నమోదు, శిక్షకుల అర్హత, ప్రమాదాల విచారణ అన్నీ రాశారు. ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో గగనతల హద్దులు గీశారు. పత్రం బాగుంది. కానీ 2023లో వర్కల, 2024లో డోభీ, 2025లో కేరి ఆ పత్రం వచ్చిన తర్వాతే జరిగాయి. నియమం ఢిల్లీలో ఉంటుంది, రెక్క కొండ మీద ఉంటుంది. మధ్యలో చూసే మనిషి లేడు. హిమాచల్‌లో పారాగ్లైడింగ్‌కు 2004 నుంచే రాష్ట్ర నియమాలున్నాయి. వర్షాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం ఆపేస్తారు. అయినా అక్కడా ప్రమాదాలు ఆగలేదంటే, నియమం ఉండటం వేరు, రోజూ పొద్దున్నే కొండెక్కి తనిఖీ చేయడం వేరు అని తెలుస్తోంది.

విశాఖకు ముందుచూపు

ఈ మాటలు గోవాకే కాదు. విశాఖ తీరంలో కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి పావురాలకొండ, అటు యారాడ కొండలు సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టే ఉంటాయి. కైలాసగిరి మీద పారాగ్లైడింగ్ మాట ఎప్పటినుంచో వినబడుతున్నదే. పర్యాటకం పెంచే ప్రతి ప్రణాళికలోనూ సాహస క్రీడలు ఉంటాయి. రావడం మంచిదే, స్థానిక కుర్రాళ్లకు పని దొరుకుతుంది. కానీ గోవా గాలి లెక్కలు ఇక్కడికి తెచ్చి అతికిస్తే కుదరదు. ఇది తూర్పు తీరం. చలికాలంలో ఈశాన్య గాలులు వీస్తాయి, నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాలు, తుఫానుల ముప్పు ఉంటుంది. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఉన్నా తీరంలో గాలి తీరు మారుతుంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగలో భాగం. భోగాపురం కొత్త విమానాశ్రయం కూడా ఇదే తీరాన ఉంది. కొండల కింద రోడ్లు, విద్యుత్ తీగలు, హోటళ్లు కిక్కిరిసిపోయాయి. వర్కల స్తంభం ఇక్కడా ఉంది.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు మా మాట సూటిగా ఇది. కొండ మీద మొదటి టికెట్టు అమ్మకముందే స్థలానికి అనుమతి, పైలట్ల జాబితా, సామగ్రి పరీక్ష పత్రాలు తెలుగులో పెద్ద బోర్డు మీద రాయించండి. టేకాఫ్ దగ్గర గాలి వేగం కొలిచే యంత్రం, దాని అంకె ప్రయాణికుడికి కనిపించేలా తెర పెట్టించండి. ఆ అంకె హద్దు దాటితే ఎగరడం ఆపే అధికారం నిర్వాహకుడికి కాకుండా, జీతం తీసుకునే భద్రతాధికారికి ఇవ్వండి. దిగే చోట పడవ, 108 వాహనం నిమిషాల దూరంలో ఉండేలా చూడండి. మన పర్యాటకులు గోవాకు, హిమాచల్‌కు వెళ్తున్నారు కనుక విమానాశ్రయాల్లో, రైల్వే స్టేషన్లలో, ట్రావెల్ ఏజెన్సీల దగ్గర ఈ జాగ్రత్తలు తెలుగులో అతికించండి. ప్యాకేజీలో పారాగ్లైడింగ్ కలిపి అమ్మే ఏజెన్సీ, ఎవరితో ఎగరేస్తుందో రాసి ఇవ్వాలని నిబంధన పెట్టండి.

ఇక పాఠకులకు, ముఖ్యంగా ఈ సెలవుల్లో బయల్దేరుతున్న పిల్లలకు, వారిని పంపుతున్న తల్లిదండ్రులకు చివరి మాట. బుక్ చేసుకునే ముందు అనుమతి పత్రం అడగండి. కొండ మీద పైలట్ లైసెన్సు అడగండి. గాలి వేగం ఎంతో అడగండి. రెక్కను ఎప్పుడు పరీక్షించారో అడగండి. మీ బరువు చెప్పండి. హెల్మెట్ మీ తలకు సరిపోయిందో చూడండి. రెండు తొడలు, ఛాతీ, రెండు కొక్కేలు మీ చేతులతో మీరే తడమండి. వీటిలో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా, కట్టిన డబ్బు పోతే పోనివ్వండి, మెట్లు దిగి వచ్చేయండి. ఎవరైనా అనుమతి లేకుండా ఎగరేస్తున్నారని తెలిస్తే 112కు ఫోన్ చేయండి. మీరు ఎగరకపోయినా, మీ తర్వాత క్యూలో ఉన్నవాళ్లు ఎగరబోతున్నారు. వాళ్ల ప్రాణం మీ ఒక్క ఫోన్ మీద ఆధారపడి ఉండవచ్చు.